ముసలివాళ్లు విత్తిన ఏడాది

మొన్న వాన మొదలైన కాసేపటికి ఫోనులో ఒక మెసేజ్ వచ్చింది. ఎవరో ఎవరికో పంపితే, వాళ్లు ఇంకెవరికో పంపితే, చివరికి మా వీధి ఆడవాళ్ల గ్రూపులో వచ్చి పడింది. ఏదో దేశంలో అణు విద్యుత్ కేంద్రం పేలిందట, ఆ గాలి మన వైపే వస్తోందట, ఈ వానలో ఎవరూ తడవకూడదట. కింద చేతులు జోడించిన బొమ్మలు వరుసగా పెట్టారు. ఆరేసిన బట్టలు తీయడానికి మిద్దె ఎక్కి ఉన్నాను నేను. చదివి నవ్వుకున్నాను. తరువాత ఆ నవ్వు ఆగిపోయింది. బట్టలు తడిసి ముద్దవుతున్నా తీయబుద్ధి కాలేదు. మా అవ్వ గుర్తుకొచ్చి అక్కడే నిలబడిపోయాను.

వానను చూసి తలుపులు మూసుకున్న ఊరు ఎక్కడైనా ఉందంటే అది మా ఊరే. అదీ ఎటువంటి ఊరు? తనకల్లుకు అవతల, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా, ఎర్రనేల, రాళ్లు, తుమ్మచెట్లు. మేఘం కనిపిస్తే పనులు ఆపి అది ఎటు పోతోందో చూస్తూ నిలబడే మనుషులు. తొలి వాన పడితే మా ఊళ్లో పెద్దా చిన్నా లేదు, అందరూ వాకిట్లోకి వచ్చి తడిసేవాళ్లు. ఇంట్లో ఉన్న బిందెలు, తప్పేలాలు, ఆఖరికి చెంబులు కూడా చూరు కిందికి చేరేవి. ఆ నీళ్లతో పప్పు ఉడికిస్తే మెత్తగా ఉడుకుతుందని మా అమ్మ ఏడాదంతా చెప్పుకునేది.

మా ఊరు అలా తలుపులు మూసుకున్న ఏడాది తొలకరి రాలేదు. వస్తుందనే ఆశతో మా వసారాలో శనక్కాయలు ఒలిచే పని మాత్రం మొదలైంది. విత్తనానికి ఉంచిన కాయల మీద కాసిన్ని నీళ్లు చిలకరించి, మెత్తబడ్డాక బొటనవేలితో చిట్లించి గింజ తీయాలి. గింజ పగలకూడదు, పైపొర ఊడకూడదు. సాయంత్రానికి వేలి చివర మంట పుట్టేది. ఇంట్లో పెద్దరికం అవ్వది, అంటే మా నాయనను కన్న తల్లిది. ఒలిచే పిల్లలం గింజలు నోట్లో వేసుకోకుండా ఆమె ఒక ఉపాయం పెట్టింది. చేతులు ఆడినంతసేపూ నోరు కూడా ఆడాలి. కథ చెప్పు, పాట పాడు, బడిలో ఎవరు ఎవరిని కొట్టారో చెప్పు, ఏదో ఒకటి. ఎవరైనా ఒక్క క్షణం మాట ఆపితే అవ్వ తల తిప్పేది.

"ఏమ్మే, ఉలుకూ పలుకూ ల్యాదు? నోరు తెరువు, సూస్తా."

నేను మాట్లాడుతూనే నమలడం నేర్చుకున్నాను. ఈ రోజుకీ భోజనం దగ్గర మాట్లాడతానని మా ఆయన కసురుకుంటాడు. అది మా అవ్వ పెట్టిన విద్య అని ఆయనకేం తెలుసు?

అవ్వ దగ్గర వక్కాకు వాసన, పేడ వాసన, దానికింద సన్నగా ఆముదం వాసన కలిసి ఉండేవి. రాత్రిళ్లు నేను ఆమె పక్కనే పడుకునేదాన్ని. ఆమె కొంగు చివర చేతికి చుట్టుకుంటే గానీ నాకు నిద్ర పట్టేది కాదు.

ఆ ఏడాది మా అమ్మ కడుపుతో ఉంది. నా తరువాత పుట్టిన తమ్ముడు నెల తిరక్కముందే పోయాడు. అందుకని ఈసారి అమ్మ నడిచేటప్పుడు కూడా ఏదో నిండు కుండ మోస్తున్నట్టు నడిచేది. నాయన మాత్రం ఆకాశం వైపు, అమ్మ వైపు మార్చి మార్చి చూసేవాడు. వానొచ్చి చేను విత్తితే సరి. లేదంటే ఆయన బెంగుళూరికి ఇటుకలు మోసే పనికి పోవాలి. అంతకుముందు ఏడాది అలాగే పోయాడు. తమ్ముడు పోయినప్పుడు ఆయన ఊళ్లో లేడు. కబురు అంది, బస్సులు మారి వచ్చేసరికి అంతా అయిపోయింది. మళ్లీ అలా జరగకూడదని అమ్మ ఎవరికీ చెప్పకపోయినా ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అప్పటికి నాకు పదేళ్లుంటాయేమో.

ఇరవై నాలుగు గంటలూ వార్తలు చెప్పే చానళ్లు మా ఊరికి కొత్తగా వచ్చిన రోజులవి. రోడ్డు మీది హోటల్లో టీవీ ఉండేది. పొద్దున ఉగ్గానీ బజ్జీ తినడానికి పోయిన మగవాళ్లు మధ్యాహ్నం దాకా అక్కడే ఉండిపోయేవాళ్లు. నన్ను బొరుగులు తెమ్మని పంపితే నేనూ అంతే, బొరుగుల పొట్లం చంకలో పెట్టుకుని గుంజకు ఆనుకుని చూసేదాన్ని. మిరపకాయ బజ్జీ కాగే నూనె వాసన, బీడీ పొగ, టీవీలో కోటు వేసుకున్న మనిషి అరుపు, ఈ మూడూ నాకు ఇప్పటికీ కలిసే గుర్తొస్తాయి.

ఒకరోజు ఆ కోటు మనిషి మామూలు కంటే గట్టిగా అరుస్తున్నాడు. పడమటి సముద్రం వైపు ఎక్కడో అణు విద్యుత్ కేంద్రం ఉందట, అందులో ఏదో లీకైందట. తెర మీద మ్యాపు వేశారు. సముద్రం దగ్గరి నుంచి ఎర్ర బాణాలు బయల్దేరి కర్ణాటక మీదుగా మా వైపే వస్తున్నాయి. మధ్య మధ్యలో వేరే దేశంలో ఎప్పుడో జరిగిన ప్రమాదం బొమ్మలు వేశారు. మంచాల మీద జుట్టు లేని పిల్లలు. ఆ పిల్లలు ఆ దేశం వాళ్లని చెప్పారో లేదో గాని వినేవాళ్లకు ఎవరికీ అది చెవికెక్కలేదు. ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టి, గర్భిణులకు, పిల్లలకు ప్రమాదముందా అని అడిగారు. ఆయన గొంతు సవరించుకుని, "చూడండి, ఇప్పటివరకు తెలిసినంతలో" అన్నాడు. వెంటనే సబ్బు ప్రకటన వచ్చింది. అది అయ్యేలోపు కరెంటు పోయింది.

అంతా కాసేపు నల్లటి తెరనే చూస్తూ కూర్చున్నారు.

మా పక్కింటి తాత మాత్రం నవ్వాడు. భార్య పోయి ఒంటరిగా ఉండే మనిషి, నోటి దురుసు. "ఏమప్పా ఇది అన్యాయం! ఆ కరెంటు మనకు ఎప్పుడూ రాకపాయ. దాని యిసం మాత్రం మన ఇంటి దాకా వస్తాదంట!"

 హోటలాయన స్టవ్వు తగ్గిస్తూ నెమ్మదిగా అన్నాడు. "మనకు వాన వచ్చేది ఆ పక్కనుంచే కదా, పెద్దాయనా?"

ఆ మాటతో భయం ఊళ్లోకి వచ్చేసింది. నిజమే, మా మేఘాలు ఎప్పుడూ పడమటి నుంచే వస్తాయి. గోడల మీదుగా ఆ మాట ఇల్లిల్లూ దాటింది. అమ్మ నన్ను కూర్చోబెట్టి టీవీలో చూసిందంతా మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. జుట్టు లేని పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఒక చేయి కడుపు మీద పెట్టుకుంది.

ఆ వారంలోనే వాన వచ్చింది. అన్నాళ్లూ రమ్మన్నా రానిది అప్పుడే వచ్చింది. పడమట నల్లగా కమ్ముకుంటుంటే ఊరంతా పిల్లల్ని పేరుపెట్టి లోపలికి పిలుచుకున్నారు. చూరు కింద పెట్టాల్సిన బిందెలు లోపలికి పోయాయి. పెద్ద తప్పేలా లోపలికి తేవడం కుదరక అమ్మ దాన్ని బోర్లించింది. కిటికీలకు గోనెసంచులు కొట్టారు. తొలి చినుకులకు నేల వాసన లేచింది. నేను గట్టిగా పీల్చబోతే అమ్మ అరిచింది.

"ముక్కు మూసుకో!"

ఏడాదంతా ఎదురుచూసిన వాసన అది. నేను ముక్కు మూసుకుని, తలుపు సందులోంచి బోర్లించిన తప్పేలా మీద వాన కొడుతున్న చప్పుడు విన్నాను. నాయన గుమ్మంలో గొంతుక్కూర్చుని వాననే చూస్తున్నాడు. వాన దంచి కొట్టింది. అంత మంచి వాన నేను పుట్టాక చూడలేదు. నాయన కళ్లు తుడుచుకోవడం చూశాను. ఎదురింట్లో కూడా తలుపు సందులోంచి మనుషులు అలాగే చూస్తున్నారు. ఊరంతా ఇంటింటా ఒకరు పోయినట్టుంది.

మరునాడు ఎండ కాసింది. వాన పడ్డాక నేల విత్తనం పట్టేంత తడిగా ఉండే ఆ నాలుగు రోజులను మా వైపు పదును అంటారు. అది దాటితే ఎర్రనేల మళ్లీ గట్టిపడిపోతుంది. ఒలిచిన విత్తనం మళ్లీ వాన దాకా ఆగదు, పుచ్చిపోతుంది. అంతా తెలిసిన సంగతే. అయినా ఊళ్లో విత్తనం వేసే గొర్రు ఒక్కటీ కదల్లేదు. ఎద్దులు కొట్టంలో గంటలు ఆడిస్తూ నిలబడ్డాయి. మా ఇంట్లో ఎప్పుడూ నాయన గొర్రు తోలేవాడు, అమ్మ వెనకే నడుస్తూ గొట్టంలో గింజలు వదిలేది. ఈసారి అమ్మను ఆ తడినేలలో నడిపించడమనే మాటే లేదు.

రెండో రోజు మధ్యాహ్నం నాయన లేచి తలగుడ్డ చుట్టుకున్నాడు. "నేను పోతాండా. ఒగన్నే ఎట్లో ఏస్తా."

"నువ్వు పోయి ఆ మట్టి కాళ్లకు పూసుకోని ఇంట్లోకి రావల్లనా?" అంది అమ్మ. "ఈ బిడ్డ కూడా పోతే నేను బతకను."

"ఏయకపోతే బెంగుళూరికి పోవల్ల. పోయేదా చెప్పు?"

అమ్మ సంగటి కెలికే తెడ్డు చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. నాయన కోపం చేసే మనిషి కాదు, కానీ ఆ రోజు తలగుడ్డ విప్పి గోడకేసి కొట్టాడు. నాకు ఇద్దరూ న్యాయమే మాట్లాడుతున్నట్టు అనిపించి ఇంకా భయమేసింది.

అవ్వ వసారాలో వక్కాకు నములుతూ అంతా వింటోంది. ఉమ్మి వచ్చి, కొంగు నడుముకు దోపుకుంది.

"నువ్వూ వద్దు, అదీ వద్దు. ఇత్తనం నేనేస్తా."

"నీకు కండ్లే కనపడవు కదమ్మా!" అన్నాడు నాయన.

"గొట్టంలో గింజ ఇడిసేదానికి కండ్లెందుకురా? నేను కాపురానికి వచ్చినప్పట్నుంచి ఇడస్తానే ఉండా. ఆ యిసం లోపలికి దిగేదానికి శానా ఏండ్లు పడతాదని టీవీలో చెప్పినారంట కదా. అన్నేండ్లు నేనెట్లా ఉండను. మీకు ముందర బిడ్డలుండారు."

"మరి ఎద్దుల్ని ఎవరు తోలల్ల?"

ఆ మాటకు గోడ అవతలి నుంచి జవాబొచ్చింది. "నేను తోల్తాలే. వినపడక ఏమి, మీరు అరిచేది కదిరి దాకా వినపడతాంది."

పక్కింటి తాత. చేను గట్టు జరిపాడని అవ్వ ఆయనతో మాట్లాడక ఎన్నో ఏళ్లయింది. ఆయన ఇంటి కోడి ఇటొస్తే కూడా తరిమేది. ఇప్పుడు గోడ వైపు చూడకుండానే అంది. "తోలితే తోలమను. గట్టు పక్కకు తిప్పితే మాత్రం ఎద్దుల్ని ఆపేస్తా."

"ఇంగా గట్టేంది వదినా, ఇద్దరం పొయ్యేవాళ్లమే!"

ఈ ముచ్చట ఊళ్లోకి ఎలా పాకిందో గాని, మర్నాడు తెల్లారేసరికి వీధిలో గొర్రులు బయటికొచ్చాయి. పట్టుకున్నవాళ్లంతా ముసలివాళ్లే. ఎప్పుడో పని మానేసి మంచాల మీద కూర్చునే తాతలు, మనవళ్లను ఎత్తుకుని తిరిగే అవ్వలు. ఒకాయన నడుము వంగి ఉన్నాడు, గొర్రుకు అది సరిగ్గా సరిపోయిందని తక్కినవాళ్లు నవ్వారు. కాడికి పసుపు, కుంకుమ పెట్టి టెంకాయ కొట్టారు. కొట్టిన టెంకాయ ముక్కలు పిల్లలకు పంచడం ఆచారం. తడినేలకు తగిలాయని ఆ రోజు మాకు ఒక్క ముక్క కూడా ఇవ్వలేదు. అన్నీ వాళ్లే తిన్నారు.

మా చేను ఊరిని ఆనుకునే ఉంది, వాకిలి నుంచి కనిపిస్తుంది. పడుచువాళ్లంతా గడపల్లో నిలబడి చూస్తుంటే ముసలివాళ్లు తడినేలలోకి దిగారు. తాత ముందు ఎద్దుల్ని అదిలిస్తున్నాడు. అవ్వ వెనక చీర మోకాళ్లకు ఎగ్గట్టి, ఒడిలో విత్తనం పోసుకుని, చేయి ఆపకుండా నడుస్తోంది. ఆమె అంత వేగంగా నడవగలదని నాకు తెలియదు. మొదటి సాలు తిరిగేసరికి ఇద్దరికీ పోట్లాట మొదలైంది.

"నిదానంగా తోలప్పా! పెండ్లికి పోతాండావా?"

"నీ చెయ్యి నిదానం చేసుకో! గింజలు రాలుస్తాండావా, దాచిపెట్టుకుంటాండావా?"

నాయన గట్టు దాకా పోయి ఆగిపోయాడు. అక్కణ్నుంచి, అటు వంకర పోతోంది, ఇటు సరిచేయి అని అరిచాడు. అవ్వ నడక ఆపకుండానే చేయెత్తి చూపించింది. "ఆణ్నే నిలబడు! ఒక్క అడుగు ముందరికి ఏసినావంటే సూడు!" నాయన నిజంగానే ఆగిపోయాడు. తల్లి పొలం పని చేస్తుంటే గట్టు మీద ఊరికే నిలబడ్డ కొడుకు. ఆయన ముఖం ఆ రోజు ఎలా ఉందో చెప్పడం నాకు చేతకాదు.

చేలన్నీ ముసలి గొంతులతో నిండిపోయాయి. ఒక చేనులోంచి ఇంకో చేనులోకి కేకలు, ఎగతాళి. ఎవరో అవ్వ పాట అందుకుంటే దూరంగా ఇంకో అవ్వ అందుకుంది. ఎన్నో ఏళ్లుగా వాళ్లను ఎవరూ ఏ పనికీ పిలవలేదు. ఆ రోజు వాళ్లు లేకపోతే ఊరే లేదు. అంత సంతోషంగా వాళ్లను నేను మళ్లీ చూడలేదు. గడపల్లో నిలబడ్డవాళ్లు మాత్రం ఏడ్చారు.

పొద్దుగూకాక వాళ్లు ఇళ్లలోకి రాలేదు. బోరు దగ్గర స్నానాలు చేసి కొట్టాల్లో మంచాలు వేసుకున్నారు. మట్టి పూర్తిగా వదిలేదాకా పిల్లల దగ్గరికి పోకూడదని వాళ్లలో వాళ్లే కట్టడి పెట్టుకున్నారు. అమ్మ సంగటి ముద్దా, ఊరిబిండి పచ్చడీ తీసుకుపోయి దూరంగా పెట్టి వచ్చేది. నేను కొట్టం తడక దగ్గర నిలబడి, లోపలికి వస్తానని మారాం చేసేదాన్ని. అవ్వ రానివ్వలేదు. అడిగిన ప్రతిసారీ కొంగు లాక్కుని ముఖం అటు తిప్పుకునేది. నాకు కొంగు లేకుండా నిద్ర రాలేదు. ఆమెకు వచ్చిందో లేదో అప్పుడు ఆలోచించలేదు.

ఆ తరువాత టీవీ వేరే సంగతిలో పడింది. ఎవరో సినిమావాళ్ల పెళ్లి. ఒకరోజు హోటలాయన బజ్జీలు చుట్టే పాత పేపరు మూలన చిన్న వార్త చూసి, పైకి చదివాడు. ఆ కేంద్రం గోడ దాటి బయటికి ఏమీ రాలేదని, భయపడాల్సిన పని లేదని. పక్కింటి తాత పేపరు లాక్కుని తిప్పి తిప్పి చూశాడు.

"అంత పెద్దగా చెప్పినదాన్ని ఇంత చిన్నగా కాదంటే ఎట్ల నమ్మల్లప్పా?"

అందరికీ అదే అనిపించింది. అప్పటికి చేను మొలిచింది. ఆ పచ్చదనం ముద్దొస్తున్నా మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. కలుపు తీసింది కూడా ముసలివాళ్లే. చేను పూతకు వచ్చాక అమ్మ ప్రసవించింది. తమ్ముడు. నాయన ఊళ్లోనే ఉన్నాడు, గడప దాటలేదు. మంత్రసాని పిల్లవాణ్ణి ఇవ్వగానే, రెండుసార్లు స్నానం చేసి వచ్చిన అవ్వ తన మసక కళ్లతో కాకుండా వేళ్లతో చూసింది. చేతివేళ్లు, కాలివేళ్లు, చెవులు, నెత్తిన జుట్టు. జుట్టు తగలగానే అక్కడే చతికిలబడి, "ఉండాది, జుట్టు ఉండాది" అని బావురుమంది.

కాయలు పండాక ఇంకో భయం పట్టుకుంది. మట్టిలో పండింది మట్టిలో ఉన్నదంతా పీల్చుకుంటుందని ఆ రోజుల్లోనే టీవీలో ఎవరో అన్నారట, మరి ఇవి తినొచ్చా? అవ్వ ఒక చెట్టు పెరికి, మట్టి కడిగి, ఉప్పేసి ఉడకబెట్టింది. పచ్చికాయలు ఉడుకుతుంటే ఆ వాసనకు నా నోట్లో నీళ్లూరాయి. అవ్వ వాకిట్లో అందరి ఎదుటా కూర్చుని గిన్నెడు కాయలు ఒక్కతే తినింది. గోడ అవతల తాత కూడా తింటున్నాడు.

"రేపు తెల్లారి నేను లేస్తే మీరు తినండి," అంది.

ఆ రాత్రి నేను మారాం చేస్తే అవ్వ ఇక కాదనలేకపోయింది, చాలా రోజుల తరువాత ఆమె కొంగు చేతికి చుట్టుకుని పడుకున్నాను. పొద్దున్నే మెలకువ వచ్చేసరికి చేతిలో కొంగు లేదు, పక్క ఖాళీగా ఉంది.  అరుస్తూ వాకిట్లోకి పరిగెత్తాను. అవ్వ తొట్టి దగ్గర నిలబడి వేపపుల్ల నములుతోంది.

గోడ మీంచి తాత తల కనిపించింది. "వదినా, ఉండావా?"

"నిన్ను పంపించేదాకా నేను యాడికి పోతానప్పా!"

అవ్వ నన్ను దగ్గరికి పిలిచి, దోసిట్లో కాయలు పోసింది. నేను తింటున్నంతసేపూ నా ముఖం వైపే చూసింది. ఇంకా కొంచెం భయం ఉన్నట్టుంది, నా మణికట్టు వదల్లేదు. నేను ఒక్కో కాయా ఒలుచుకుని తింటూ ఉంటే, ఆ ఒక్క పొద్దునే మాట్లాడమని నన్ను అడగలేదు.

ఇప్పుడు మా చేనులో శనక్కాయ లేదు. ఆ దిక్కంతా సోలార్ పలకలు పరిచారు, మా చేను కూడా అందులోనే పోయింది. ఎండకు కళ్లు తెరిచి చూడలేం. గట్టు ఎక్కడుందో, దాని కోసం పోట్లాడుకున్నవాళ్ల సాలు ఏదో నాకు తెలియదు. తాత ముందు పోయాడు. తరువాత కొన్నేళ్లకు అవ్వ పోయింది. ముసలితనమే తప్ప ఇద్దరికీ ఏ జబ్బూ లేదు. ఆ రోజు చేనులో దిగిన ముసలివాళ్లంతా అలాగే, మామూలుగా, ఒకరి తరువాత ఒకరు వెళ్లిపోయారు.

తమ్ముడికి ఈ కథ చెబితే నవ్వుతాడు. లేని విషానికి అంత హంగామా చేశారా అంటాడు. లేదు, నిజమే. ఆ నేలలో ఏమీ లేదు, ఆ వాన మంచి వాన. కానీ ఆ పొద్దున ఒడి నిండా విత్తనం పోసుకుని చేనులోకి దిగేటప్పుడు మా అవ్వకు ఆ సంగతి తెలియదు.